డేరా మీద తెరచాప ముక్క

నేను బడి మానేసింది మూడో ఫారంలో. నేను మానలేదని, బడే నన్ను మానిందని మా మేష్టారు అనేవారు. ఇద్దరిలో ఎవరు ముందు మానారో ఏలూరులో ఇప్పటికీ తేలలేదు. ఆ తరవాత నేను చెయ్యని పని లేదు, చేసి నిలబెట్టుకున్న పనీ లేదు, ఒక్క డేరా పని తప్ప. అదైనా నిలబడిందంటే నా గొప్ప కాదు. అందులో ఒక ముక్క నాది కాదు కాబట్టి నిలబడింది.

పందొమ్మిదివందల ముప్పైల మాట. కాలవలూ మురుగు కాలవలూ కొలిచే ఒక సర్వే క్యాంపులో టెంపరరీ ఖలాసీగా చేరాను. ఖలాసీ అంటే డేరా వేసేవాడు, విప్పేవాడు, మోసేవాడు, ఓవర్సీరుగారికి కోపం వచ్చినప్పుడు దగ్గర్లో నిలబడేవాడు. మా వీధిలో వాళ్ళు సర్కసులో చేరావటగా అని అడిగేవారు. కాదండీ, సర్కసులో అయితే వేళకి తిండి పెడతారు అనేవాణ్ణి.

మొదటి చలికాలం చింతలపూడి వైపు తిరిగాం. అక్కడ నాకు పని నేర్పింది ఒక ముసలి ఖలాసీ. ఆయనకి పళ్ళు నాలుగే ఉండేవి, ఎంత బిగిసిన తాడు ముడినైనా ఆ నాలుగిటితోనే విప్పేవాడు. నేలని చూసి డేరా వెయ్యమనేవాడు. గడ్డి ఒకచోట మరీ పచ్చగా ఉంటే అక్కడ నీళ్ళు నిలుస్తాయన్నమాట, ఆ చోటు వద్దు. చెట్టు కింద నీడగా ఉంటుంది గదా తాతా అంటే, "ఎండుకొమ్మకి కింద పడుకున్నది ఓవర్సీరుగారని తెలీదురా అబ్బాయ్" అనేవాడు. గుమ్మం గాలికి ఎదురుగా పెట్టకూడదు. డేరా చుట్టూ వాన నీళ్ళు పోవడానికి చిన్న బోదె తవ్వాలి. తాడు తడిస్తే బిగుసుకుంటుంది కాబట్టి వాన వాసన తగలగానే తాళ్ళు కాస్త వదులు చెయ్యాలి, లేకపోతే మేకులు లేచిపోతాయి, మేకులు గట్టివైతే గుడ్డే చిరుగుతుంది. వాన పడుతుండగా లోపలినుంచి గుడ్డని వేలితో ముట్టుకోకూడదు, ముట్టుకున్న చోటే చుక్క దిగుతుంది. తడిగా ఉన్న గుడ్డ మడవకూడదు. ఇక లోపల నిప్పు పెట్టకూడదన్న మాట పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టాక ఒకసారి చెప్పేవాడు. మందు వేసుకున్నట్టు.

చెప్పినవన్నీ విన్నాను. చాలావరకు చేశాను. మిగిలిన ఆ కాస్త దగ్గరే వచ్చింది చిక్కు.

ఆ మధ్యలోనే నాకు పెళ్ళయింది. మావగారిది తాడేపల్లిగూడెం. కాలవ రేవులో సరుకు పడవలకి తెరచాపలు కుట్టేవారు. పెళ్ళి చర్చిలో బాగానే జరిగింది, కానీ పెళ్ళయి ఎనిమిది నెలలైనా నా భార్య పుట్టింట్లోనే ఉంది. ఆ ఎనిమిది నెలల్లో మేమిద్దరం మాట్లాడుకున్న మాటలన్నీ రాస్తే పోస్టుకార్డులో ఇంకా సగం చోటు మిగిలేది. కారణం మా అత్తగారు.

"అల్లుడుగారి ఇల్లెక్కడండీ?" అని అడిగింది ఒకసారి.

"క్యాంపులోనండీ."

"క్యాంపెక్కడండీ?"

"ఈ వారం చింతలపూడి దగ్గరండీ. వచ్చే వారం ఇంకాస్త ఇవతలండీ."

"వారానికోసారి లేచి నడిచిపోయే ఇంటికి పిల్లని ఎలా పంపుతామండీ" అంది ఆవిడ, చాలా మర్యాదగా. పోనీ అంతటితో వదిలిందా, లేదు. సాయంత్రం ప్రార్థనలో దేవుడితో చెబుతున్నట్టు అంతా నాకే చెప్పింది. "ప్రభువా, మా అల్లుడుగారికి ఉద్యోగం పర్మనెంటు చెయ్యి. బుద్ధి కూడా ఇయ్యి. రెండూ ఒకేసారి కష్టమైతే ముందు పర్మనెంటు ఇయ్యి, బుద్ధి మెల్లిగా ఇచ్చినా ఫరవాలేదు." నేను కూడా కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాను. ఏం చెయ్యను.

పర్మనెంటు ఖలాసీకి చిన్న డేరా ఒకటి విడిగా ఇస్తారు. భార్యని తెచ్చుకోవచ్చు. కాబట్టి నాకు పర్మనెంటు అంటే జీతం కాదు, పింఛను కాదు, తాడేపల్లిగూడెంలో ఉన్న ఒక మనిషి. ఆ ఏడు నా అదృష్టం కొద్దీ ముసలి ఖలాసీ పని విరమించుకున్నాడు. ఆ ఖాళీలో నన్ను వెయ్యాలంటే ఓవర్సీరుగారు ఏలూరు ఆఫీసుకి ఒక ముక్క రాస్తే చాలు.

అప్పటికి క్యాంపు కొల్లేటిలోకి దిగింది. చింతలపూడి ఎర్రనేలలో మేకు దిగాలంటే నా ప్రాణం పైకి వచ్చేది. కొల్లేటి లంక మీద మేకు నిలబెట్టి, సుత్తి కోసం ఇటు తిరిగి అటు చూస్తే మేకు కనబడేది కాదు. మొదటిరోజు డేరా వేసి, చేతులు దులుపుకుని, ఓవర్సీరుగారిని దయచేయండీ అని పిలిచాను. ఆయన వచ్చేసరికి డేరా మెల్లిగా ముందుకి వంగి ఆయనకి నమస్కారం పెట్టింది. తరవాత సాష్టాంగపడింది.

పక్కనే వల ఆరేసుకుంటున్న ఒక జాలరి ఆవిడ చూసి, "ఏవండీ, మీ ఇల్లు పడుకుందండీ" అంది.

"ప్రయాణం చేసి అలిసిపోయిందండీ" అన్నాను.

ఆవిడ నవ్వుకుంటూ వచ్చి చూపించింది. కొల్లేట్లో మేకు పనికిరాదు. జమ్ము గడ్డి కోసి, మనిషి తొడంత లావు కట్ట కట్టి, దాని నడుముకి తాడు వేసి, మోకాలి లోతు గోతిలో అడ్డంగా పడుకోబెట్టి, మీద మట్టి వేసి తొక్కాలి. తాడు లాగితే కట్ట అడ్డం తిరిగి కూచుంటుంది గాని పైకి రాదు. వాళ్ళ వలల తాళ్ళకి అదే ఆధారం. ఎనిమిది తాళ్ళకి ఎనిమిది జమ్ము కట్టలు పాతాం. ఆ తరవాత కొల్లేటి గాలి ఎంత పీకినా డేరా కదల్లేదు. ఓవర్సీరుగారు తాడు పట్టి లాగి చూసి, "ఇది నీ బుర్రేనా?" అన్నారు.

"నా బుర్ర అయితే ఈపాటికి ఊడొచ్చేదండీ" అన్నాను.

ఆయన మంచివారే. నవ్వు వచ్చినప్పుడు మీసం కింద దాచుకునే మనిషి. నాలుగు వారాలు పోయాక ఒక సోమవారం పొద్దున్న, గీసిన ప్లాన్లన్నీ రేకు గొట్టంలో పెట్టుకుని, ఏలూరు బయలుదేరుతూ నన్ను పిలిచారు.

"శనివారం సాయంత్రానికి వస్తాను. డేరా ఇప్పుడెలా ఉందో వచ్చేసరికి అలా ఉంటే నీ పేరు రాసి పంపిస్తాను. అర్థమైందా?"

"అయిందండీ. ఎలా ఉందో అలాగే ఉంటుందండీ."

"నవ్వకుండా చెబితే నమ్మేవాణ్ణి" అంటూ దోనె ఎక్కారు. కొలత గొలుసులు మోసే కూలీలు కూడా అదే అదనుగా ఊళ్ళకి పోయారు. లంక మీద నేనూ, డేరా, గూడకొంగలూ మిగిలాం.

పొద్దున్న మాట ఇచ్చాను. దీపాలవేళకి డేరాకి కన్నం పెట్టాను.

ఎలా అంటే ఇలా. పొద్దువాలాక ఓవర్సీరుగారి నవారు మంచం నాకేసి చూసింది. నేను కూడా దానికేసి చూశాను. నాలుగు వారాలుగా పరిచయం ఉన్నవాళ్ళం. ఒక్కసారి నడుము వాలుస్తే దానికేం తరుగుతుందని పడుకున్నాను. దోమతెర ఆయన ఏలూరు పట్టుకుపోయారు. కొల్లేటి దోమ అంటే బయటివాళ్ళకి తెలీదు. అది కుట్టదు, కూచుని భోజనం చేస్తుంది. మా వైపు ఇళ్ళల్లో దీపాలవేళ ఏం చేస్తారు? మూకుడులో పిడక ముక్కలు రాజేసి, పైన వేపాకు వేసి, ఇల్లంతా పొగ పట్టించి తలుపులు మూస్తారు. నేను పుట్టినప్పటినుంచి ఆ పొగలోనే పెరిగాను. ముసలాయన చెప్పిన నిప్పు అంటే నా దృష్టిలో మంట, పొయ్యి, అన్నం వండడం. పొగ మూకుడు నిప్పేమిటి, అది దోమల మందు. కాబట్టి మూకుడు తెచ్చి మంచం తలాపిన పెట్టి, పొగ బయటికి పోకుండా డేరా గుమ్మాలు రెండూ ముడివేసి, దొరలా పడుకున్నాను.

పెంకుటింట్లో కప్పు ఎక్కడో ఉంటుంది. డేరా గుడ్డ తలాపు దగ్గరికి వచ్చేసరికి జానెడు ఎత్తున వాలి ఉంటుంది. ఈ తేడా పడుకున్నవాడికి కనబడదు. దోమలు పోయాయి. కాసేపటికి నా తల కూడా ఎక్కడికో పోతున్నట్టు తోచింది. మత్తుగా, బరువుగా, హాయిగా ఉంది. వేపాకు ఎండి భగ్గుమన్న చప్పుడుకి కళ్ళు తెరిచేసరికి తల మీద గుడ్డ ఎర్రగా అంటుకుని ఉంది. ఓవర్సీరుగారి మంచినీళ్ళ కూజా మొత్తం దాని మీద కొట్టాను. కూజా కూడా కొట్టాను. ముడి వేసిన గుమ్మం విప్పడానికి చేతులు రాలేదు. పక్కన గోడలా వేలాడే కనాతు గుడ్డ కింది నుంచి పాకి బయటపడి, గడ్డిలో పడి వాంతి చేసుకున్నాను.

తెల్లవారి చూస్తే అంటుకున్నది రెండు అరచేతుల మేర. చుట్టూ గోధుమరంగులో మాడిన అంచు. ఆ కన్నంలోంచి కొల్లేరు చక్కగా కనబడుతోంది, రెండు గూడకొంగలతో సహా. తాడేపల్లిగూడెం మాత్రం కనబడలేదు.

శనివారానికి నాలుగు రోజులు. ఈ చుట్టుపక్కల అంత మందం గుడ్డ కుట్టగలిగిన మనిషి ఒక్కరే నాకు తెలుసు. ఆయన నా మావగారు. అంటే, ఎవరికైతే ఈ సంగతి తెలియకూడదో సరిగ్గా వాళ్ళింటికే గుడ్డ మోసుకుపోవాలి. గుంజలూ కనాతులూ జాలరి ఆవిడకి అప్పగించి, పైకప్పు గుడ్డ ఒక్కటే విప్పి, మంచుకి తడిసిందో కూజా నీళ్ళకి తడిసిందో చూడకుండా గబగబా మడిచి మూటకట్టాను. దోనె మీద గట్టుకి, ఎడ్లబండి మీద భీమడోలుకి, అక్కడినుంచి రైల్లో. మూట మీద కూచున్నాను. ఎదుటి బెంచీ మీద పెద్దమనిషి ముక్కు మూసుకుని, "ఏవండీ, మూటలో చేపలా?" అని అడిగారు.

"కాదండీ, నా ఉద్యోగమండీ."

"పాడైనట్టుందండీ" అన్నారాయన, ఎంతో సానుభూతిగా.

మావగారు వీధి అరుగు మీద తెరచాప పరుచుకుని కూచున్నారు. మూట దింపగానే నన్ను చూడలేదు, మూట కూడా విప్పలేదు. వంగి వాసన చూశారు.

"తడిగా మడిచావు, అల్లుడూ."

"తొందరలోనండీ, మావయ్యగారూ."

"తెరచాప గాలిని పట్టుకుంటుంది. డేరా గాలిని తప్పించుకుంటుంది. పని వేరు గాని గుడ్డ ఒకటే. తడిగా మడిస్తే లోపల బూజు పట్టి, చిరక్కుండానే చస్తుంది." అప్పుడు విప్పారు. నల్లటి చుక్కలు అక్కడక్కడ అప్పుడే మొలిచి ఉన్నాయి. అవి ఆ పూటవి కావని, అంతకు ముందు రెండు మూడు సార్లు మడతల్లో నేను దాచిన పాపాలని ఆయనకి చెప్పక్కర్లేకపోయింది. తరవాత కన్నం వచ్చింది. ఆయన తలని అందులో పెట్టి అవతలినుంచి నన్ను చూశారు. ఫొటో కట్టించుకున్నట్టున్నారు.

"ఇదెలాగ?"

మా అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ వెనకాల తలుపు సందులో ఒక చీర కొంగు. నేను ఒకటి రెండు కథలు ప్రయత్నించాను. కాకి నిప్పు కణిక తెచ్చి పడేసిందన్నాను. పడవవాడి చుట్ట అన్నాను. మావగారు కథలు వినరు, గుడ్డనే అడుగుతారు. మాడిన అంచు వేలితో నలిపి చూసి, "లోపలినుంచి కాలింది. మసి ఇటువైపు ఉంది. పొగ మూకుడు" అన్నారు.

ఇంక నిజం చెప్పాను. గుమ్మాలు ముడివేశానన్న చోట ఆయన మొహం మారింది.

"మత్తుగా అనిపించిందా?"

"హాయిగా ఉందండీ."

"మా రేవులో ఒకతను ఇలాగే చలికి పడవ గదిలో కుంపటి పెట్టుకుని తలుపు వేసుకున్నాడు. పొద్దున్న అతనికీ హాయిగానే ఉంది. లేవలేదు." ఆయన కన్నం చుట్టూ వేలు తిప్పారు. "గుడ్డ అంటుకుంది కాబట్టి లేచావు. దీనికి నువ్వు దణ్ణం పెట్టుకోవాలి."

నేను అంతవరకూ ఉద్యోగం గురించే భయపడ్డాను. అప్పుడు మాత్రం ఆ గుడ్డకి నిజంగానే దణ్ణం పెట్టాను. అత్తగారు లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చింది. ఆ రాత్రి ప్రార్థనలో ఆవిడ నా పర్మనెంటు సంగతి ఎత్తలేదు. అల్లుణ్ణి లేపినందుకు వందనాలు అంది, అంతే.

బుధవారమంతా ఎండబెట్టడమే. తీగ మీద పరిచి, ఒక పక్క ఎండాక తిప్పి, రెండో పక్క. బూజుని ఎండు కొబ్బరిపీచుతో రుద్ది దులపమన్నారు. నేను సబ్బు తేబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. సబ్బు పెడితే గుడ్డకి నీరు ఆపే గుణం పోతుందట. కాలిన అంచుని కూడా కత్తిరించి పారేసి, కన్నాన్ని నలుచదరం చేశారు. మాడిన పోగు కుట్టు పట్టదు. కొత్త గుడ్డ వెయ్యలేదు, తడిస్తే అది ఒక్కటే ముడుచుకుని చుట్టూ ఉన్నదాన్ని లాగుతుందన్నారు. ఒక పాత తెరచాపలోంచి ముక్క కోశారు. పాతికసార్లు వానలో తడిసి, ఎండలో ఆరి, ముడుచుకోవాల్సిందంతా ముడుచుకున్న గుడ్డ. బాగానే ఉంది గాని, అది బెరడు రంగు వేసిన తెరచాప, ఎరుపూ నలుపూ కాని రంగు. డేరా తెలుపు.

"కనబడుతుందండీ" అన్నాను.

"కారదు" అన్నారు.

గురువారం కుట్టు. మావగారి వేళ్ళకి అప్పటికే నొప్పులు. నలుచదరం గీసి, అంచులు లోపలికి మడిచి, "అమ్మాయ్" అని పిలిచారు. నా భార్య అరచేతికి తోలుపట్టీ కట్టుకుని, మైనం పట్టించిన దారం పట్టుకుని వచ్చింది. ఆ సూదితో ఎద్దుని కూడా కుట్టొచ్చు. గుడ్డని తీగ మీద నిలువుగా వేలాడదీశారు. ఆమె అటు, నేను ఇటు. అటునుంచి ఆమె సూది గుచ్చుతుంది, నేను ఇటునుంచి లాగి, మళ్ళీ పక్కన గుచ్చి తిప్పి పంపాలి. అత్తగారూ మావగారూ అరుగు మీదే ఉన్నారు. కానీ మధ్యలో ఇంత గుడ్డ. నా జీవితంలో అంత మంచి డేరా నేను వెయ్యలేదు.

కాసేపు సూదే మాట్లాడింది. నా వేలిలో రెండుసార్లు దిగింది.

"చూసి గుచ్చవచ్చు గదా" అన్నాను మెల్లిగా.

"అటువైపు మీ వేలుందని నాకేం తెలుసండీ. కాకి తెచ్చి పెట్టిందేమోననుకున్నాను" అంది, ఇంకా మెల్లిగా.

నాకు పెళ్ళి కుదిర్చినవాళ్ళు పిల్ల నెమ్మదస్తురాలని చెప్పారు. ఎవరిని చూసి చెప్పారో.

"శనివారం ఓవర్సీరుగారికి ఏం చెబుతారు?" అంది నాలుగు కుట్లు పోయాక.

"ఏదో ఒకటి చెబుతాను. అది పాత ముక్కే అంటాను. ఆయన ఎప్పుడూ చూడలేదంటాను."

"చెప్పకండి."

"ఏం, అబద్ధం పాపమా?"

"పాపం సంగతి అమ్మ చూసుకుంటుంది. మీరు అబద్ధం ఆడేటప్పుడు మీ ఎడం చెవి కదులుతుందండీ. పెళ్ళిచూపుల్లోనే చూశాను. ఆయనకీ కళ్ళున్నాయి గదా."

నేను చెవి పట్టుకున్నాను. ఆ ధ్యాసలో సూది మూడోసారి దిగింది.

శుక్రవారం పరీక్ష. మావగారు గుడ్డని నాలుగు గుంజలకి ఏటవాలుగా కట్టి, కింద పీట వేసుకుని కూచున్నారు. అత్తగారు నిచ్చెనెక్కి కడవతో నీళ్ళు పోసింది. మొదటి కడవకి కుట్టు వెంట నాలుగైదు చుక్కలు దిగాయి. నా గుండె కూడా దిగింది. "ఉండు, దారం నీళ్ళు తాగి ఉబ్బాలి. అప్పుడు సూది కన్నాలు మూసుకుంటాయి" అన్నారాయన. రెండో కడవకి ఒక్క చుక్క. మూడో కడవకి ఏమీ లేదు. అత్తగారికి నమ్మకం కుదరక దిగి వచ్చి, కిందినుంచి ముక్క మధ్యలో వేలు పెట్టి నొక్కింది. అక్కడ టప్పున చుక్క పడింది.

"చూశారా" అంది.

"వేలు నీది, చుక్కా నీదే" అన్నారు మావగారు.

మళ్ళీ సాయంత్రం దాకా ఎండబెట్టాను. ఈసారి నేనే మూడుచోట్ల చెంప ఆనించి, తడి లేదని చూసుకుని మడిచాను. మావగారు ఎదురుగా కూచుని ఒక్క మాట కూడా అనలేదు. అది నాకు పతకం ఇచ్చినంత.

శనివారం మధ్యాహ్నానికి లంక మీద డేరా లేచింది. ఎర్ర ముక్క సరిగ్గా మంచం తలాపున వచ్చింది. వద్దన్నా తెల్లగుడ్డ మీద అదొక్కటే కనబడుతోంది. లోపల దానికి అడ్డంగా ఓవర్సీరుగారి పాత కోటు వేలాడదీశాను. ఆయన బయటినుంచి చూడకుండా ఆ వైపు దారికి అడ్డంగా జమ్ము ఆరబెట్టాను. నా భార్య చెప్పకండి అన్నది అబద్ధం సంగతి. కోటు సంగతి ఏమీ అనలేదు గదా.

సాయంత్రం చినుకుల్లో దోనె వచ్చింది. ఆయన దిగి, డేరా చుట్టూ తిరక్కుండా, తల తడుస్తోందని తిన్నగా లోపలికి వచ్చేశారు. నేను వాన చూసి తాళ్ళు అప్పటికే వదులు చేసి ఉంచాను. అది చూసి తల పంకించారు. కొత్త కాగితాలు బల్లమీద పరిచారు, లాంతరు దగ్గరికి జరుపుకున్నారు. జేబులోంచి ఇంకో కాగితం తీసి పక్కన పెట్టారు. "నీ సంగతి రాద్దాం, కూచో" అన్నారు. నేను కూచోలేదు. దోమలు కూచున్నాయి.

రెండు చెంపలూ, ఒక మెడా వాయించుకుని, "ఆ పొగ మూకుడు రాజేసి లోపలికి తే" అన్నారు.

"గుమ్మం బయట పెడతానండీ."

"బయట దోమలకి పొగ, లోపల దోమలకి నేనూనా? తలాపిన పెట్టు. కాసేపే గదా."

"లోపల వద్దండీ."

ఆయన కలం ఆపారు. ఇన్నాళ్ళలో నేను వద్దండీ అనడం ఆయన వినలేదు. "నేను చెబుతున్నాను. తే."

తేవడం ఎంతసేపు? తెస్తే ఆ కాగితం మీద నా పేరు పడుతుంది. పక్కనే కూచుని కాపలా కాస్తే ఏమీ కాకపోవచ్చు. తేకపోతే కారణం చెప్పాలి, కారణం కోటు వెనకాల ఉంది. గుమ్మం దాకా వెళ్ళాను. ఆ మత్తు, ఆ హాయి మళ్ళీ ముక్కులోకి వచ్చాయి. ఈ మనిషి వానకి గుమ్మాలు ముడివేసుకుంటారు. రాసుకుంటూ రాసుకుంటూ బల్ల మీదే తల వాల్చే అలవాటు కూడా ఉంది.

వెనక్కి వచ్చి కోటు తీశాను.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. "ఏమిటది?"

"తెరచాప ముక్కండీ."

"నా డేరాకి తెరచాపెందుకు? కొల్లేరు దాటించాలనా?"

చెప్పాను. మంచం, మూకుడు, ముడివేసిన గుమ్మాలు, కూజా, గడ్డిలో వాంతి, రేవులో లేవని మనిషి, అన్నీ. ఎడం చెవిని చేత్తో పట్టుకునే చెప్పాను, అనుమానం లేకుండా. ఆయన అంతా విని అన్నిటికంటే ముందు అడిగింది ఒకటే.

"నా మంచం మీదా?"

"మీ మంచం మీదేనండీ."

"చెప్పులతోనా?"

"లేదండీ. నాకు చెప్పులు లేవండీ."

మీసం కాస్త కదిలింది. లేచి లాంతరు పట్టుకుని ముక్క దగ్గరికి వెళ్ళారు. పైన చినుకులు పడుతున్నాయి, కింద చుక్క లేదు. వేలు ఎత్తారు. "ముట్టుకుంటే కారుతుందండీ" అన్నాను. వేలు దింపేశారు. ఆఫీసరు వేలుని నేను ఆపడం అదే మొదలు.

"ఎవరు కుట్టారు?"

"మా ఆవిడండీ. లోపలివైపు నేనండీ."

"లోపలివైపు వంకరగా ఉంది" అన్నారు. తరవాత కాగితం జేబులో పెట్టేసుకున్నారు. నేను దానివంక చూస్తూ నిలబడ్డాను. "మూకుడు గుమ్మం బయట, గాలి వచ్చే వైపు పెట్టు. రెండో గుమ్మం తెరిచి ఉంచు" అన్నారు. గుమ్మం దగ్గర ఇద్దరం పొగలో కూచున్నాం. ఇద్దరి కళ్ళూ నీళ్ళు కారుతున్నాయి. ఆయనవి పొగకే.

పొద్దున్న నన్ను పిలిచి మడిచిన కాగితం కవరులో పెట్టి చేతికిచ్చి భీమడోలులో పోస్టు చెయ్యమన్నారు. ఇంగ్లీషు మూడో ఫారం వరకు వచ్చినవాణ్ణి, కవరు మీద అడ్రసు తప్ప ఏమీ చదవలేకపోయాను. ఆయనే చెప్పారు. "డేరాల సంరక్షణలో నేర్పరి, నిప్పు విషయంలో మిక్కిలి జాగ్రత్తపరుడు అని రాశాను. అబద్ధమా?"

"కాదండీ. సోమవారం దీపాలవేళ దాటినప్పటినుంచి నిజమేనండీ."

"డివిజనులో చిరుగుపట్టిన డేరాలు ఏడున్నాయి. మీ ఆవిణ్ణి తెచ్చుకో. నీకిచ్చిన ఉద్యోగంలో ముప్పాతిక ఆవిడది."

ముప్పాతిక సంగతి తాడేపల్లిగూడెంలో నేను చెప్పలేదు. అయినా ఎలాగో తెలిసింది. చెవి వల్లనే అయి ఉంటుంది.

ఆర్డరు వచ్చిన వారానికి నా భార్య దోనె దిగింది. తండ్రి ఇచ్చిన తోలుపట్టీ, సూదుల పెట్టె, తల్లి ఇచ్చిన కొత్త మట్టి మూకుడు తెచ్చింది. మూకుడుతో పాటు అత్తగారి కబురు కూడా వచ్చింది, ఇది గుమ్మం అవతల మాత్రమే ఉండాలని. ఖలాసీ డేరా చిన్నది, ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు బయటే. ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. నేను పెద్దమనిషి తరహాగా, పర్మనెంటు గొంతుతో, కొత్త కాపురానికి నియమాలు చెప్పడం మొదలుపెట్టాను. వాన పడుతుండగా గుడ్డని ముట్టుకోకూడదు, ముట్టుకున్న చోటే చుక్క దిగుతుంది అన్నాను.

ఆమె నన్ను చూస్తూనే చెయ్యి పైకెత్తి, సరిగ్గా నా దిండు మీద, గుడ్డకి వేలు ఆనించింది. టప్పున చుక్క దిగింది. ఇంకోటి.

"చెప్పాను గదా. ఇంక రాత్రంతా అది కారుతూనే ఉంటుంది. వచ్చిన రోజే నా దిండు తడిపావు" అన్నాను.

ఆమె వేలు తియ్యలేదు. ఆ చుక్క ఉన్న చోటునుంచి గుడ్డ వెంట కిందికి, మెల్లిగా, అంచు దాకా ఒక గీత గీసినట్టు లాగింది. దిండు మీద చుక్క ఆగిపోయింది. నీళ్ళు ఆ గీత పట్టుకుని జారి, అంచున నేలలోకి ఇంకిపోయాయి.

"ఇది మీకు ఎవరూ చెప్పలేదాండీ?" అంది.

ముసలి ఖలాసీ చెప్పలేదు, ఓవర్సీరుగారికీ తెలీదు. మర్నాడు పొద్దున ఆయనకి నేను నేర్పాను. నేనే కనిపెట్టానన్నాను. ఆయన తల ఎత్తి నా ఎడం చెవి వంక చూశారు.